ఈశాన్యపు మూలన ఒక ఇటుక

మా అత్తయ్యకు అమెరికాలో మొట్టమొదట నచ్చనిది పెరుగు. మేముండే బెంటన్‌విల్‌కు వచ్చిన మర్నాడే డబ్బా మూత తీసి, గరిటెతో కదిపి, "ఇది పెరుగు కాదమ్మాయ్, పెరుగు వేషం" అని తేల్చేసింది. దాన్నే తోడుగా వేస్తే పాలు తీగలు సాగుతూ ఏదోలా తయారయ్యేవి. నాకా, ముక్కు మీదే కోపం. "ఉండేది ఆర్నెల్లు, సర్దుకోండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ సర్దుకోలేదు. గిన్నెకు తువ్వాలు చుట్టి ఓవెన్‌లో పెట్టడం, పొద్దున్నే తీసి చూసి నిట్టూర్చడం దినచర్య అయిపోయింది.

ఆ బాధ తీర్చింది మా పక్కింటావిడ. మా అమ్మాయి ఎక్కే స్కూల్ బస్సు నడుపుతుంది. పుట్టింది ఉత్తర మాసిడోనియాలో, కొండల మధ్య పాడి మీద బతికే ఒక పల్లెలో. ఓరోజు మా పార్సెల్ పొరపాటున వాళ్లింటికి వెళ్తే ఇవ్వడానికి వచ్చి, తువ్వాలు చుట్టిన గిన్నెను చూసి ఆగిపోయింది. "మా అమ్మ కూడా ఇలాగే చుడుతుంది" అంది ఇంగ్లీషులో. ఆ సాయంత్రమే గాజు సీసాలో గడ్డపెరుగు పట్టుకొచ్చింది. అత్తయ్య కళ్లు మెరిశాయి గానీ చేయి చాపలేదు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు కదా. ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ నవ్వలేదు, నొచ్చుకోలేదు. సీసా వెనక్కి తీసుకెళ్లి, మర్నాడు బస్సు తీయబోయే ముందు మళ్లీ తెచ్చింది.

అలా వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. శనివారం పొద్దున్నే మా ఇంటికి కాఫీకి వచ్చేది. మా అమ్మాయిని చూసి తనూ అత్తయ్యను 'నానమ్మ' అనడం మొదలుపెట్టింది. వంటింటి బల్ల మీద చక్కెర డబ్బాకు ఫోను ఆనించి, ఊళ్లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేసేది. మాకు ఉదయమైతే వాళ్లకు మధ్యాహ్నం. తమ్ముడు కొట్టంలోకి వెళ్లి ఆవులను చూపించేవాడు. వాళ్లమ్మ తెరలోకి తొంగిచూసి ఏదో అనేది, మా అత్తయ్య తెలుగులో ఏదో అనేది. దూడ ఎన్ని నెలలదో, ఏ ఆవు తన్నుతుందో వాళ్లకు చక్కగా అర్థమైపోయేది. మధ్యలో నేను అనువాదం చేయబోతే ఇద్దరూ విసుక్కునేవారు.

ఆ తమ్ముడి గొడవ నాకు మెల్లగా తెలిసింది. పాత రేకుల షెడ్డులో తెల్ల చీజ్ చేసి అమ్ముతాడు, మిగిలిన పాలు డెయిరీలకు పోస్తాడు. ఎండాకాలంలో లారీ వచ్చేలోపే పాలు విరిగిపోతాయి. చల్లబరిచే ట్యాంకు లేనిచోట పాలు కొనబోమని పెద్ద డెయిరీలు చెప్పేశాయి. వాళ్ల దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి వరసలో ఉంది. అలా వరసలో ఉన్న దేశాలు చేరకముందే తమ రోడ్లూ నీళ్లూ ఆఫీసులూ పాడీ పంటా యూనియన్ పద్ధతులకు తగ్గట్టు బాగుచేసుకోవాలని యూనియనే కొంత నిధులిస్తుంది. ఆ పథకం కింద తమ్ముడు కొత్త షెడ్డుకు అప్లై చేశాడు. కడగడానికి వీలైన గోడలు, మురుగు పోయే కాలువ, పాల ట్యాంకు. ముందు మనం కట్టుకుంటే, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి పెద్ద భాగం తిరిగిస్తారు.

"ఈసారి ఆ డబ్బు రాకపోతే ఆవులు అమ్మేసి జర్మనీ వెళ్తానన్నాడు. అక్కడ గోడౌన్‌లో పని సిద్ధంగా ఉందట" అంది పక్కింటావిడ. "మా వీధిలో అందరూ అలా వెళ్లినవాళ్లే. వీడూ వెళ్తే ఇక నేను చెప్పుకోడానికి ఊరంటూ ఉండదు."

"ఇంతకీ మీ దేశం యూనియన్‌లో చేరేదెప్పుడు?" అన్నాను.

"నేను అమెరికా వచ్చేనాటికి త్వరలో అన్నారు. మధ్యలో దేశం పేరు కూడా మార్చుకున్నాం. ఇప్పుడూ త్వరలోనే."

నాకు నవ్వొచ్చింది. ఆవిడను చూసి కాదు, మమ్మల్ని తలుచుకుని. మేమూ వరసలో ఉన్నవాళ్లమే. ఈ ఊళ్లోని పెద్ద దుకాణాల కంపెనీకి నేను కాంట్రాక్టు మీద పనిచేస్తాను, పాల లారీల్లో చల్లదనం ఎంతుందో చూపించే స్క్రీన్లు తయారుచేస్తాను. మా ఆయనా నేనూ హెచ్-వన్-బీ వీసా మీదే ఉన్నాం. గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో చెప్పగలిగే మొనగాడు పుట్టలేదు. అందుకని ఇల్లు కొనలేదు, మంచి సోఫా కొనలేదు, ఈ అద్దె ఇంట్లో గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు నేను. అన్నీ కార్డు వచ్చాకే. అత్తయ్య తెచ్చుకున్న వేంకటేశ్వరస్వామి పటం కూడా వంటింట్లో మిక్సీకి ఆనుకుని నిలబడి ఉండేది. "స్వామికి కూడా వీసా రావాలా అమ్మాయ్?" అని ఆవిడ రోజుకోసారి దెప్పేది.

"చేర్చుకుంటారో లేదో తెలియకుండానే ఇంత ఖర్చెందుకు?" అని ఓ శనివారం ఉండబట్టలేక అడిగేశాను.

పక్కింటావిడ వింతగా చూసింది. "చేర్చుకోకపోతే మాత్రం? పాలు చల్లగా ఉంటాయిగా" అంది.

నేను లేచి కాఫీ గిన్నెలు కడగడానికి వెళ్లాను.

కొన్ని వారాలకు తమ్ముడి ప్రాజెక్టు ఎంపికైందని కబురొచ్చింది. పక్కింటావిడ బస్సు దిగి యూనిఫాం జాకెట్‌తోనే పరుగెత్తుకొచ్చి అత్తయ్యను వాటేసుకుంది. అత్తయ్య కన్నీళ్లు పెట్టుకుంది. ఎవరి ఆవులో, ఎవరి కొండలో, నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆ వారమంతా నేను ఆఫీసు పనిలో మునిగిపోయాను. అక్కడే కొంప మునిగింది.

నేను ఇంట్లో లేనప్పుడు మా అత్తయ్య ఒంగోలులోని పురోహితుడికి ఫోన్ చేసింది. "అమ్మా, అక్కడ సూర్యోదయం ఎన్నింటికి?" అని ఆయన అడిగితే పక్కింటావిడ చేత తమ్ముడికి ఫోన్ చేయించి కనుక్కుంది. ఆ ఊరికి సరిపోయేలా ఆయన ముహూర్తం కట్టాడు. అత్తయ్య బంగాళదుంప ముక్కల్ని ఇటుకలుగా పేర్చి, ఉప్పు డబ్బాను ఆవుల కొట్టంగా పెట్టి, స్థలానికి ఈశాన్యం ఏదో చూపించింది. చిన్న గుంట, పసుపు నీళ్లు, ఒక ఇటుక. ఇదంతా వాళ్లకేమీ వింతగా అనిపించలేదట. పునాది తీసేటప్పుడు పవిత్రజలంలో తులసిలాంటి మొక్క రెమ్మ ముంచి చల్లడం వాళ్లకూ ఉంది. చెప్పిన ఘడియకు తమ్ముడు ఇటుక పెట్టాడు, వాళ్లమ్మ నీళ్లు చల్లింది. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య పాయసం చేసి కూర్చుంది.

"దేనికి పాయసం?" అన్నాను.

"శంకుస్థాపన అయింది" అంది.

"నానమ్మ బ్రిక్ పెట్టించింది, వీడియోలో" అంది మా అమ్మాయి.

ముద్దుగానే అనిపించింది. రెండు కప్పులు తాగాను కూడా. ఆ పాయసం తర్వాతి శనివారం అరిగిపోయింది.

ఆ రోజు పక్కింటావిడ కాఫీ వద్దంది. కుర్చీ అంచున కూర్చుంది. ఇటుక పెడుతున్న ఫొటోను తమ్ముడు సోషల్ మీడియాలో పెట్టాడట. 'మా కొత్త షెడ్డు పని మొదలైంది' అని రాశాడట. అది ఎవరో ఆ పథకం ఆఫీసుకు పంపారు. ఎంపికైనంత మాత్రాన సరిపోదు, కాంట్రాక్టు మీద సంతకాలు అయ్యాకే పని మొదలుపెట్టాలి. అంతకుముందే మొదలైతే ఆ ప్రాజెక్టు మొత్తం పథకంలోంచి పోతుంది. ఇది ముందునుంచీ ఉన్న నియమమే. చూసి రావడానికి ఓ అధికారిని పంపిస్తున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తయ్యా, మిమ్మల్నెవరు పెట్టమన్నారు ముహూర్తం? పెరుగు ఇచ్చిన పాపానికి ఆవిడ తమ్ముడి నోట్లో మట్టి కొట్టారు కదా" అనేశాను.

అత్తయ్య మొహం చిన్నబోయింది. అయినా తగ్గలేదు. "ముహూర్తంలో దోషం లేదమ్మాయ్. ఫొటో తీసి ఊరందరికీ చూపించాడు చూడు, దిష్టి తగిలింది" అంది.

"దిష్టి కాదు, రూల్."

"రూల్‌కి కూడా దిష్టి తగుల్తదే" అంది.

పక్కింటావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు ఏం చెప్పాలో తోచక తమ్ముడికి ఫోన్ చేయమన్నాను. అతను తెర మీదకు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫొటో తీసేశానన్నాడు. ఇటుక కూడా పీకి లోయలో పారేసి, గుంట పూడ్చి గడ్డి పరిచేస్తానన్నాడు. వచ్చినవాళ్లకు ఏమీ లేదని చెప్పేస్తాడట. అక్క ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను.

"పెట్టిన ఇటుక తీయకూడదు" అంది అత్తయ్య వెంటనే. "తీస్తే ఆ స్థలం కట్టనీయదు."

చిత్రమేమిటంటే అదే క్షణాన నేనూ అదే మాట అన్నాను, వేరే కారణంతో. వీసా మీద బతికేవాళ్లకు ఒక భయం ఎముకల్లో ఇంకిపోయి ఉంటుంది. ఏదైనా దాచి, అది బయటపడితే, చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. ఆ ఫొటో వాళ్ల దగ్గర ఉండనే ఉంది. ఇప్పుడు ఇటుక మాయమైతే దొంగతనం చేసినట్టే అవుతుంది. "తీయొద్దని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చూపించమను" అన్నాను పక్కింటావిడతో. అత్తయ్య నావైపు తిరిగి చూసింది. పెళ్లై వచ్చాక ఆవిడా నేనూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను.

తమ్ముడు ఒప్పుకోలేదు. అక్కాతమ్ముళ్లు వాళ్ల భాషలో గట్టిగా వాదించుకున్నారు. 'జర్మనీ' అన్న మాట మాత్రం నాకు తెలిసింది. ఇంకేమీ పాలుపోక, "అసలా ఇటుక ఎక్కడుందో చూపించమను" అన్నాను.

అతను విసుగ్గా ఫోను తీసుకుని బయటికి నడిచాడు. ముందు షెడ్డు కట్టబోయే చోటు కనిపించింది. సర్వేవాళ్లు పాతిన చెక్క మేకులు, మధ్యన చెక్కుచెదరని గడ్డి. మా అమ్మాయి కూడా బల్ల మీదికి వంగింది. అతను నడుస్తున్నాడు. కొట్టం దాటాడు. గడ్డివాము దాటాడు. ఒక ఆవు తెర నిండా మొహం పెట్టి తప్పుకుంది. ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

"ఇంత దూరమా?" అన్నాను.

"ఈశాన్యం మరి" అంది అత్తయ్య.

రేగుచెట్టులాంటి ఏదో ముళ్లచెట్టు పక్కన, కంచె మూలన, పసుపు మరకతో ఒంటరిగా కూర్చుని ఉంది ఇటుక. సిమెంటు లేదు, ఇసుక లేదు. మా అత్తయ్య ఈశాన్యం లెక్కకట్టింది షెడ్డుకు కాదు, వాళ్ల స్థలం మొత్తానికి. ప్లానులో ఆ మూల ఖాళీ గడ్డినేల.

"ప్లాను తెమ్మను" అని అరిచాను. పక్కింటావిడ ఫోనులో ఉందది. పెద్దది చేసి చూశాం. ఆ మూలన గోడ లేదు, కాలువ లేదు, దారి కూడా లేదు. పక్కింటావిడ మెల్లగా, వాళ్ల భాషలోనే తమ్ముడికి చెప్పింది. అతను ఇటుక పక్కనే గడ్డిలో కూలబడ్డాడు.

"ఇంతకీ ఏమైంది?" అంది అత్తయ్య.

"మీరు తప్పు చోట పెట్టించారు అత్తయ్యా, అందుకని బతికిపోయే దారి ఉందేమో" అన్నాను.

"తప్పు చోటేంది, ఈశాన్యమేగా" అని ఆవిడ మూతి ముడుచుకుంది.

అధికారి వచ్చే రోజు నేను ఆఫీసులో ఉన్నానే గానీ ప్రాణమంతా ఫోనులోనే ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు బస్సు షెడ్డు నుంచి పక్కింటావిడ ఫోన్ చేసింది. వచ్చింది ఒక చిన్న వయసు అమ్మాయట, బురద బూట్లతో. తమ్ముడు ఏమీ దాచలేదు. ఇటుక దగ్గరికి తీసుకెళ్లి, ఇది ఇందుకు పెట్టాం, అమెరికాలో మా అక్క పక్కింటి ఇండియా నానమ్మ చెప్పింది, మా అమ్మ నీళ్లు చల్లింది, అని ఉన్నదంతా చెప్పాడు. ఆ అమ్మాయి చెక్క మేకుల దగ్గర గడ్డిని ఫొటో తీసుకుంది. ఇటుకను ఫొటో తీసుకుంది. మేకుల నుంచి ఇటుక దాకా నడిచి చూసింది. షెడ్డు పని మొదలుకాలేదని, ఇది మొక్కు లాంటిదని తాను రాస్తానని, నిర్ణయం మాత్రం పైవాళ్లదని చెప్పింది. ఇటుక తీసేయమంటారా అని వాళ్లమ్మ అడిగితే, "ఉండనివ్వండి, మా బామ్మ కూడా ఇలాంటివి చేసేది" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎదురుచూపు. దాని సంగతి నాకెవరూ నేర్పక్కర్లేదు. అత్తయ్య ఆర్నెల్లూ అయిపోయి ఒంగోలు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు పక్కింటావిడకు ఆవకాయ సీసా ఇచ్చి, నాకు తోడు గిన్నె, మిక్సీకి ఆనుకున్న స్వామి పటం అప్పజెప్పింది. శనివారాలు పక్కింటావిడా నేనే కాఫీ తాగేవాళ్లం. తమ్ముడు తెరలోకి రావడం తగ్గించాడు. జర్మనీ వాళ్లకు ఇంకా జవాబు చెప్పలేదని ఆమె అంటే, చెప్పకపోవడమే మంచిదని నేననేదాన్ని. ఇద్దరం గట్టిగా నమ్ముతున్నట్టే మాట్లాడుకునేవాళ్లం.

ఓ ఉదయం మా తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది. సంతకాలయ్యాయి. నిన్ననే తమ్ముడు వెళ్లి పెట్టొచ్చాడు. జర్మనీకి రానని చెప్పేశాడు. ఇద్దరం వంటింట్లో నిలబడి ఏడ్చాం, నవ్వాం, స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

అయితే మళ్లీ ఒక చిక్కు. మేస్త్రీకి దొరికిన రోజులు వచ్చే సోమవారం నుంచే. అవి దాటితే చలి ముదిరి మట్టి గట్టిపడుతుంది, వసంతం దాకా ఆగాలి. నానమ్మను అడిగి చెప్పమని వాళ్లమ్మ పట్టుబట్టింది. నేను పంచాంగం చూశాను. సరిగ్గా శుక్రమూఢం. మూఢంలో మా అత్తయ్య కొత్త చీపురు కూడా కొనదు. భయపడుతూనే ఒంగోలుకు ఫోన్ చేశాను. సంతకాలయ్యాయని చెబితే ఆవిడ చాలాసేపు దండాలు పెట్టుకుంది.

"కానీ అత్తయ్యా, పని సోమవారమే మొదలుపెట్టాలి. మూఢం."

అవతల పంచాంగం కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"మూఢమైతే ఏందమ్మాయ్? ముహూర్తం ఎప్పుడో చేసేశాంగా" అంది. "ఆ ఇటుక అక్కడ కూర్చునే ఉందిగా. తవ్వుకోమను."

సోమవారం తవ్వారు. చలి ముదిరేలోపు గోడలు లేచాయి, వసంతంలో ట్యాంకు వచ్చింది. మొదటిసారి పాలు పోసిన రోజు తమ్ముడు ఫోనును ట్యాంకుకు ఆనించి దాని గుర్రుమనే చప్పుడు వినిపించాడు. పక్కింటావిడ కళ్లు మూసుకుని విన్నది. తర్వాత అతను కంచె మూలకు నడిచి ఇటుకను చూపించాడు. వాళ్లమ్మ దాని చుట్టూ ఆ తులసిలాంటి మొక్కలు నాటింది. వాళ్ల చర్చిలో నీళ్లు చల్లే రెమ్మలు ఇక మీదట అక్కడివేనట.

"మరి యూనియన్ సంగతి?" అన్నాను.

"త్వరలో" అంది పక్కింటావిడ. "మీ కార్డు?"

"త్వరలో."

ఆమె వెళ్లాక గరాజ్‌లో వెతికితే సుత్తి దొరికింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఇల్లు మనది కాదు కదా" అన్నాడు, అన్నాళ్లూ నేనన్న మాటే. "పటం మనదేగా" అన్నాను. మిక్సీ వెనకనుంచి స్వామిని తీసి తుడిచి, గోడకు మేకు కొట్టి తగిలించాను. ఫొటో తీసి ఒంగోలుకు పంపాను.

అత్తయ్య వెంటనే ఫోన్ చేసింది. ముహూర్తం గురించి ఏమీ అనలేదు. ఏ మూలన కొట్టావో చెప్పమని మాత్రం అడిగింది.